హయాల్యురోనిక్ యాసిడ్ జెల్ ఒక బ్యాచ్‌లో గట్టిపడి ఇంకో బ్యాచ్‌లో ఎందుకు గట్టిపడదు?

తర్వాత చదివేవారికి కూడా అర్థమయ్యేలా ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. పొడవాటి చక్కెర గొలుసైన హయాల్యురోనిక్ యాసిడ్‌కి మెథాక్రిలిక్ అన్‌హైడ్రైడ్‌తో మెథాక్రిలేట్ గుంపులు (లైటు పడితే గొలుసులను ఒకదానితో ఒకటి అల్లేవి) తగిలించి హైడ్రోజెల్, అంటే నీటిని పట్టి ఉంచే జెల్, తయారు చేస్తున్నారు. ఒకే పద్ధతిలో మూడు బ్యాచ్‌లు చేశారు. మొదటిది లైటు పెట్టిన రెండు నిమిషాల్లో గట్టిపడింది. రెండోది తోడుకోని పాలలా మిగిలిపోయింది. మూడోది ఫ్రీజ్ డ్రయర్ (గడ్డకట్టించి ఆరబెట్టే యంత్రం) నుంచి తీశాక నీళ్లలో కరగనే లేదు. పాలిమర్ సీసా తప్ప మరేదీ మారలేదంటున్నారు. వీటితోపాటు ఏ అణుభారం కొనాలో, ఈడీసీతో (కార్బాక్సిల్‌ను అమైన్‌తో కలిపే రియాజెంట్) పెప్టైడ్, అంటే చిన్న ప్రోటీన్ ముక్క, ఎందుకు అతకడం లేదో కూడా అడిగారు.

సీసా మారిందని మీరే రాశారు, సగం జవాబు అక్కడే ఉంది. పాలిమర్ రియాజెంట్‌ను ఉప్పులా తూచి వేస్తే లెక్క తప్పుతుంది. సోడియం క్లోరైడ్ సీసాలో ఉండేది ఒకే పదార్థం. హయాల్యురోనేట్ (హయాల్యురోనిక్ యాసిడ్ లవణ రూపం) సీసాలో ఉండేవి రకరకాల పొడవుల గొలుసులు, కొంత నీరు, కొంచెం ప్రోటీన్, ఇంకొంచెం ఉప్పు. లేబుల్ మీద కనిపించే అంకె వాటికి ఒక సగటు మాత్రమే. పద్ధతిని అనుమానించే ముందు ఆ సీసాలో ఏముందో కొలవాలి.

ముందు అణువు సంగతి. 1934లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ దీన్ని ఆవు కంటిలోని విట్రియస్ ద్రవం నుంచి వేరుచేశారు. గ్లుకురోనిక్ యాసిడ్ ఒకటి, ఎన్-ఎసిటైల్ గ్లూకోసమైన్ ఒకటి జతగా కలిసి, ఆ జత వందలు, వేల సార్లు వరుసగా వస్తుంది. సోడియం లవణం రూపంలో ఒక జత భారం 401.3. ప్రతి జతలో ఒక కార్బాక్సిల్, నాలుగు హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి. ఆ నాలుగింటిలో ప్రైమరీ హైడ్రాక్సిల్ ఒక్కటే. స్వేచ్ఛగా ఉన్న అమైన్ లేదు, సల్ఫేట్ లేదు. మీరు చేసే రసాయనమంతా ఈ ఐదు చోట్లలోనే జరగాలి. ఒకప్పుడు కోడిపుంజు జుట్టు నుంచి తీసేవారు. ఇప్పుడు ల్యాబులకు వచ్చే పౌడర్‌లో ఎక్కువ భాగం స్ట్రెప్టోకోకస్ జూఎపిడెమికస్ కిణ్వనం నుంచి వస్తోంది.

తేమ లెక్క

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలా లెక్కలు ఇక్కడే తప్పుతాయి. హయాల్యురోనేట్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సీసాలో పది శాతం నీరుండటం మామూలే. ఆరబెడితే తగ్గే బరువు 20 శాతం వరకు ఉండవచ్చని యూరోపియన్ ఫార్మకోపియా కూడా అనుమతిస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతపు ల్యాబులో వానాకాలం సీసా మూత తీసి పావుగంట తూస్తూ కూర్చుంటే త్రాసు మీద అంకె పెరగడం కంటికే కనిపిస్తుంది.

అందుకని ప్రతి కొత్త సీసా నుంచి 100 మి.గ్రా. తీసి, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ ఉన్న చోట 100–110 డిగ్రీల సెల్సియస్‌లో 6 గంటలు ఆరబెట్టి, ఎంత బరువు తగ్గిందో చూడండి. ఆ నమూనాను మళ్లీ వాడకండి. నీటి శాతాన్ని నేరుగా కొలిచే కార్ల్ ఫిషర్ పరికరం ఉంటే అది ఇంకా మంచిది. పది శాతం తేమ తేలిందనుకోండి. మీరు తూచిన 1 గ్రాములో పాలిమర్ 0.9 గ్రాములే, అంటే 2.24 మిల్లీమోల్‌ల జతలు. ఇకపై ప్రతి ఈక్వివలెంట్ లెక్కా (ఒక్కో జతకు ఎన్ని రియాజెంట్ అణువులన్నది) ఈ అంకె మీదే వేయాలి. ఫ్రీజర్ నుంచి తీసిన సీసాను గది వేడికి వచ్చేదాకా మూత తీయకుండా ఉంచండి. చల్లటి సీసా తెరిస్తే మంచు నీళ్ల గ్లాసుకు బయట పట్టినట్టే లోపల చెమ్మ పడుతుంది.

అణుభారం: ఏ సగటు?

"1 మెగాడాల్టన్" (అణుభారం పది లక్షలు, అంటే 1,000 కిలోడాల్టన్లు) అని రాసి ఉంటే అది భార సగటా, సంఖ్యా సగటా, స్నిగ్ధత నుంచి లెక్కకట్టిందా అని అమ్మినవారిని అడగండి. వెడల్పైన పంపిణీ ఉన్న నమూనాలో ఈ మూడూ బాగా తేడాగా ఉంటాయి. బ్యాచ్ సర్టిఫికెట్‌లో కొలిచిన విలువ లేకుండా "1.5 నుంచి 1.8" అని పరిధి మాత్రమే ఉంటే దాన్ని నమ్ముకుని జెల్ సూత్రం రాయకండి.

గొలుసులను పరిమాణం వారీగా వేరుచేసే, మల్టీ యాంగిల్ లైట్ స్కాటరింగ్ డిటెక్టర్ ఉన్న సైజ్ ఎక్స్‌క్లూజన్ క్రొమటోగ్రఫీ అందుబాటులో ఉంటే అదే ఉత్తమం. లేకపోతే రెండు చవకైన దారులున్నాయి. ఒకటి అగరోజ్ జెల్: అరశాతం నుంచి ఒక శాతం అగరోజ్ మీద నమూనాను, అణుభారం తెలిసిన ప్రమాణాలను పక్కపక్కన నడిపి, స్టెయిన్స్-ఆల్ రంగును 50 శాతం ఇథనాల్‌లో కలిపి చీకట్లో రాత్రంతా నానబెట్టాలి, తర్వాత వెలుతురులో రంగు వదిలించాలి. పంపిణీ ఎంత వెడల్పో ఒక్క చూపులో తెలుస్తుంది. రెండోది ఉబెలోడె విస్కోమీటర్, స్నిగ్ధత (చిక్కదనం) కొలిచే గాజు పరికరం. దీనికి ద్రావణాన్ని తప్పకుండా 0.15 మోలార్ సోడియం క్లోరైడ్‌లో చేయాలి. ఉప్పు లేకపోతే గొలుసు మీది రుణావేశాలు ఒకదాన్నొకటి తోసుకుని గొలుసు చాచుకుంటుంది. అప్పుడు పలుచన చేసేకొద్దీ, గాఢతతో భాగించిన స్నిగ్ధత అంకె తగ్గాల్సింది పోయి పెరుగుతుంది.

ఉప్పునీటిలో 1 మెగాడాల్టన్ గొలుసుకు అంతర్గత స్నిగ్ధత (ఒక గ్రాము గొలుసులు ద్రావణంలో ఎంత చోటు ఆక్రమిస్తాయో చెప్పే అంకె) గ్రాముకు సుమారు 1,700 మి.లీ., 100 కిలోడాల్టన్‌కి సుమారు 280 మి.లీ. ఉంటుంది. మీ రెండో బ్యాచ్ విఫలం కావడానికి కారణం ఈ రెండు అంకెల్లోనే ఉండవచ్చు. 1 మెగాడాల్టన్ గొలుసులు మి.లీ.కి 0.6 మి.గ్రా. దగ్గరే ఒకదానికొకటి తగలడం మొదలవుతుంది. 100 కిలోడాల్టన్ గొలుసులకు ఆ హద్దు మి.లీ.కి 3.5 మి.గ్రా. మీరు వాడేది 1 శాతం ద్రావణం, అంటే మి.లీ.కి 10 మి.గ్రా. చిన్న గొలుసులతో అది పలుచటి పానకంలా ఉంటుంది, పెద్ద గొలుసులతో తీగపాకంలా సాగుతుంది. మెథాక్రిలిక్ అన్‌హైడ్రైడ్ నీళ్లలో సరిగా కలవదు, నూనె బొట్లలా తేలుతుంది. బొట్లు సన్నగా విరిగితేనే చర్య జరుగుతుంది. తీగపాకంలో మ్యాగ్నెట్ తిరుగుతున్నట్టే కనిపిస్తుంది కానీ చుట్టూ రెండంగుళాల మేర తప్ప ఏదీ కదలదు. ఆలోగా అన్‌హైడ్రైడ్ జలవిశ్లేషణ చెంది వృథా అవుతుంది.

ఏది కొనాలంటే, జెల్ కోసమైతే 60 నుంచి 100 కిలోడాల్టన్ల మధ్య, కొలిచిన విలువ ఉన్న ఒకే లాట్‌ను ఏడాదికి సరిపడా కొనండి. పెద్ద గొలుసుతో జెల్ బలంగా వస్తుందన్న ఆశతో మెగాడాల్టన్ సరుకు తీసుకుంటే కలపడం, వడకట్టడం, తూచడం అన్నీ కష్టమవుతాయి. లూబ్రికేషన్ మీదనో, కీళ్ల ద్రవం మీదనో పని చేసేవారికి మాత్రం పెద్ద గొలుసే కావాలి.

కరిగించడం

బొంబాయి రవ్వతో ఉప్మా చేసినవారికి ఇది చెప్పనక్కర్లేదు. పౌడర్ అంతా ఒకేసారి పోస్తే ఉండలు కడుతుంది. పైపొర జిగురై లోపలికి నీరు పోనివ్వదు. నీళ్లను ముందే సుడి తిరిగేలా స్టిర్ చేస్తూ, సుడి గోడ మీద కొద్దికొద్దిగా చల్లండి. తర్వాత వేగం తగ్గించి 4 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలేయండి. తొందరపడి సోనికేటర్‌లో పెట్టకండి, హోమోజెనైజర్ వాడకండి. రెండూ గొలుసును తెంపుతాయి. 1.5 శాతం దాటితే మ్యాగ్నెట్ బదులు పైనుంచి తిప్పే స్టిర్రర్ కావాలి.

మెథాక్రిలేషన్, అంకెలతో

1 గ్రాము పౌడర్, 100 మి.లీ. నీరు, 2.24 మిల్లీమోల్‌ల జతలు. మెథాక్రిలిక్ అన్‌హైడ్రైడ్ అణుభారం 154.2, సాంద్రత 1.035. 20 ఈక్వివలెంట్లు అంటే 44.9 మిల్లీమోల్‌లు, 6.9 గ్రాములు, 6.7 మి.లీ. ఇంత అవసరమా అనిపిస్తుంది. చర్యలోకి వెళ్లేది అందులో కొంచెమే, మిగతాదంతా నీటితో పోటీలో పోతుంది.

ఒక్కో అన్‌హైడ్రైడ్ అణువు నీటితో చీలితే రెండు మెథాక్రిలిక్ యాసిడ్ అణువులు వస్తాయి. అంటే మొత్తం 90 మిల్లీమోల్‌ల ఆమ్లం. దాన్ని తటస్థం చేయడానికి 5 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ సుమారు 18 మి.లీ. పడుతుంది. ఈ అంకెను గోడ మీద రాసి పెట్టుకోండి. రోజంతా నడిచాక మీరు 6 మి.లీ. మాత్రమే వాడి ఉంటే అన్‌హైడ్రైడ్‌లో మూడింట రెండు వంతులు ఇంకా బొట్లుగానే ఉందన్నమాట. ఎన్‌ఎమ్‌ఆర్ (అణువులో ఏ గుంపు ఎంతుందో చూపే స్పెక్ట్రమ్) దాకా వెళ్లకుండానే చర్య ఎంతవరకు నడిచిందో క్షార వినియోగం చెప్పేస్తుంది. ప్రతి బ్యాచ్‌కి దీన్ని నోట్‌బుక్‌లో రాయండి.

మంచు స్నానంలో బీకర్ పెట్టి, అన్‌హైడ్రైడ్‌ను గంట సేపు చుక్కచుక్కగా వదలండి. పీహెచ్ 8 నుంచి 9 మధ్య ఉండాలి. మొదటి నాలుగు గంటలు పక్కనే ఉండండి, ఆమ్లం ఎక్కువగా పుట్టేది అప్పుడే. పీహెచ్ 7 కిందికి జారితే హైడ్రాక్సిల్ చర్య దాదాపు ఆగిపోతుంది. క్షారం ఒక్కసారిగా పోసి 10 దాటిస్తే అతికిన ఎస్టర్లు ఊడిపోతాయి. సిరింజి పంపుతో క్షారం వదిలే ఏర్పాటు ఉంటే ఈ రెండు బాధలూ ఉండవు. తర్వాత 4 డిగ్రీల్లో రాత్రంతా గట్టిగా స్టిర్ చేయాలి. గొలుసులు పెద్దవైతే నీటిలో మూడో వంతు డీఎమ్‌ఎఫ్ అనే ద్రావకం కలపండి. అన్‌హైడ్రైడ్ మెరుగ్గా కలుస్తుంది, తక్కువ ఈక్వివలెంట్లతోనే పని జరుగుతుంది. అన్‌హైడ్రైడ్ చర్మానికి ఎలర్జీ తెచ్చే రసాయనం కాబట్టి ఫ్యూమ్ హుడ్, నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. గ్లవ్ మీద బొట్టు పడితే వెంటనే మార్చండి.

ఇప్పుడు శుద్ధి. ఆ 90 మిల్లీమోల్‌ల మెథాక్రిలేట్ సోడియం లవణంగా 9.7 గ్రాములు ఉంటుంది. మీ పాలిమర్ 0.9 గ్రాములు. అంటే బీకర్‌లో ఉన్నది పదింతల చెత్త మధ్య కాస్త సరుకు. దీన్ని నేరుగా డయాలసిస్ సంచిలో (చిన్న అణువులను మాత్రమే బయటికి వదిలే పొర) పోస్తే ఓస్మోటిక్ పీడనానికి సంచి ఉబ్బి ముడి దగ్గర పగులుతుంది. ముందు పీహెచ్ 7కి తెచ్చి, మూడు రెట్ల చల్లటి ఇథనాల్‌లో సన్నటి ధారగా పోసి పాలిమర్‌ను అవక్షేపించండి. తెల్లటి పీచులా వస్తుంది. ఇథనాల్‌తో రెండు సార్లు కడిగి మళ్లీ నీళ్లలో కరిగించి, అప్పుడు డయాలసిస్ చేయండి. ఇక్కడ ఒక చిట్కా: హయాల్యురోనేట్ ఇథనాల్‌లో దిగాలంటే ఉప్పు ఉండాలి. ఈ దశలో లవణం ఎలాగూ పుష్కలంగా ఉంది కాబట్టి సమస్య రాదు. శుద్ధమైన ద్రావణాన్ని అవక్షేపించాల్సి వస్తే మాత్రం సోడియం క్లోరైడ్ 0.5 మోలార్ అయ్యేలా కలపకపోతే పాలలా తెల్లబడి ఊరుకుంటుంది.

డయాలసిస్‌కి 6–8 లేదా 12–14 కిలోడాల్టన్ల ట్యూబు, 5 లీటర్ల నీరు, రోజుకు రెండు మార్పులు, మూడు నుంచి ఐదు రోజులు. ట్యూబు మీద రాసిన హద్దు గోళాకార ప్రోటీన్లకు కొలిచింది. ట్యూబును ముందు బాగా కడిగి గ్లిజరాల్ వదిలించండి. లేకపోతే ఎన్‌ఎమ్‌ఆర్‌లో చక్కెర శిఖరాల మధ్య అది దూరి కూర్చుంటుంది. సంచిని సగమే నింపండి. బకెట్‌ను అల్యూమినియం ఫాయిల్‌తో కప్పండి.

ఆ ఫాయిల్‌కీ మీ మూడో బ్యాచ్‌కీ సంబంధం ఉంది. సీసాలోని అన్‌హైడ్రైడ్‌లో పాలిమరైజేషన్‌ను ఆపే నిరోధకం ఉంటుంది. శుద్ధి చేసేసరికి అదంతా కడుక్కుపోతుంది. ఇక మీ ఉత్పత్తికి కాపలా లేదు. కిటికీ పక్కన ఎండ తగలడం, ఫ్రీజ్ డ్రయర్ మధ్యలో ఆగి మంచు కరిగి ద్రావణం చిక్కబడటం, ఆరిన పౌడర్ వారాల తరబడి గది వేడిలో ఉండటం, వీటిలో ఏదైనా గొలుసులను ముందే అల్లేస్తుంది. నిజంగా అల్లుకుపోయిందా, సరిగా నానలేదా అన్నది తేల్చుకోవడం తేలిక. 0.1 శాతానికి ఉప్పునీటిలో కలిపి 4 డిగ్రీల్లో 24 గంటలు మెల్లగా తిప్పి సెంట్రిఫ్యూజ్ చేయండి. అడుగున పారదర్శకమైన ముద్ద దిగితే అల్లుకుపోయింది, దాన్ని వదిలేయండి. ఏమీ దిగకపోతే పౌడర్ బాగానే ఉంది, మొదటిసారి తొందరపడ్డారంతే.

ఎన్‌ఎమ్‌ఆర్ లెక్కలో చాలామంది చేసే తప్పు

భారజలంలో మి.లీ.కి 10 మి.గ్రా. కరిగించి ప్రోటాన్ ఎన్‌ఎమ్‌ఆర్ తీస్తారు. పెద్ద గొలుసులతో శిఖరాలు కొండల్లా వెడల్పుగా వస్తాయి. నమూనాను ముందు హయాల్యురోనిడేజ్‌తో రాత్రంతా చిన్న ముక్కలు చేస్తే గీతలు సన్నబడతాయి. పల్స్‌ల మధ్య 10 సెకన్లు ఆగండి, తక్కువైతే వైశాల్యాల నిష్పత్తి తప్పుతుంది.

మెథాక్రిలేట్ వినైల్ ప్రోటాన్లు 5.7, 6.1 పీపీఎం దగ్గర, ఎసిటైల్ మిథైల్ 2.0 దగ్గర వస్తాయి. అందరూ మిథైల్‌ను 3 అనుకుని వినైల్ వైశాల్యాన్ని చదివేస్తారు. కానీ మెథాక్రిలేట్‌కి కూడా ఒక మిథైల్ ఉంది. అది 1.9 దగ్గర వచ్చి ఎసిటైల్‌తో కలిసిపోతుంది. రెండూ విడివిడిగా కనబడకపోతే ఆ మొత్తం వైశాల్యం 3 కాదు, 3 ప్లస్ 3 రెట్ల ప్రతిక్షేపణ స్థాయి (ఒక్కో జతకు సగటున ఎన్ని మెథాక్రిలేట్లు అతికాయో చెప్పేది). కాబట్టి మొత్తం మిథైల్ ప్రాంతాన్ని 3.00గా పెట్టినప్పుడు ఒక్కో వినైల్ ప్రోటాన్ వైశాల్యం 0.25 వస్తే నిజమైన స్థాయి 25 శాతం కాదు. 0.25ను 0.75తో భాగించాలి, 33 శాతం. వేర్వేరు పేపర్లలోని అంకెలు సరిపోలకపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఎవరు ఏ లెక్క వేశారో చూడకుండా "40 శాతం" అన్న మాటను మీ పద్ధతిలోకి తెచ్చుకోకండి.

ఇంకొకటి. 5.3, 5.6 పీపీఎం దగ్గర సూదుల్లాంటి సన్నటి శిఖరాలు కనిపిస్తే అవి గొలుసుకు అతికినవి కావు, మిగిలిపోయిన మెథాక్రిలిక్ యాసిడ్‌వి. అతికిన వాటి శిఖరాలు వెడల్పుగా ఉంటాయి. ఈ స్వేచ్ఛా మెథాక్రిలేట్ ఉంటే జెల్ గట్టిదనం మారుతుంది, కణాలు చస్తాయి. మళ్లీ డయాలసిస్ చేయాల్సిందే.

లైటు, ఇనీషియేటర్

ప్రతిక్షేపణ సరిగానే ఉండి కూడా జెల్ రాకపోతే ఇక్కడ చూడండి. ఇనీషియేటర్ అంటే లైటును పీల్చుకుని మెథాక్రిలేట్ల అల్లికను మొదలుపెట్టేది. అలాంటి ఇర్గాక్యూర్ 2959 వాడుతూ 405 నానోమీటర్ల లైటు పెడితే ఏమీ జరగదు, అది ఆ తరంగదైర్ఘ్యాన్ని దాదాపు పీల్చుకోదు. దానికి 365 కావాలి, పైగా నీటిలో కరిగేది కూడా తక్కువే. ఎల్‌ఏపీ అనే మరో ఇనీషియేటర్ రెండింటితోనూ పనిచేస్తుంది, 365 దగ్గర ఎక్కువగా. 0.05 శాతం అంటే మి.లీ.కి 0.5 మి.గ్రా., 1.7 మిల్లీమోలార్. 2 నుంచి 3 శాతం పాలిమర్, చదరపు సెంటీమీటర్‌కి 10 మిల్లీవాట్ల లైటు, రెండు నుంచి ఐదు నిమిషాలు మంచి ఆరంభం. ల్యాంప్ డబ్బా మీద రాసిన వాట్లు కాక, నమూనా ఉన్న ఎత్తులో రేడియోమీటర్‌తో కొలిచిన విలువ రాయండి. పైపొర మాత్రమే జిగటగా మిగిలితే అది ఆక్సిజన్ పని. పైన గాజు పలక మూయండి, లేదా ద్రావణంలోకి పావుగంట నైట్రోజన్ పంపండి.

ఈడీసీతో పెప్టైడ్ ఎందుకు అతకదు

పీహెచ్ 5.5 దగ్గర ఈడీసీ కార్బాక్సిల్‌ను బాగానే ఉత్తేజపరుస్తుంది. కానీ పెప్టైడ్‌లోని మామూలు అమైన్ ఆ పీహెచ్‌లో దాదాపు పూర్తిగా ప్రోటాన్ పట్టుకుని ఉంటుంది, దాడి చేసే శక్తి ఉండదు. ఎదురుచూసి ఎదురుచూసి ఉత్తేజిత మధ్యస్థం తనలో తానే సర్దుకుని ఎన్-ఎసైల్ యూరియాగా మారిపోతుంది. అది స్థిరమైనది, ఇక కదలదు. అంటే పెప్టైడ్ అతకలేదు సరికదా, ఈడీసీ ముక్క గొలుసు మీద శాశ్వతంగా ఉండిపోయింది. అడిపిక్ డైహైడ్రజైడ్ మాత్రం పీహెచ్ 4.75లో చక్కగా అతుకుతుంది. హైడ్రజైడ్ పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదిలేసే పీహెచ్) 3 దగ్గర ఉండటంతో ఆ పీహెచ్‌లోనూ అది స్వేచ్ఛగా ఉంటుంది.

ఈడీసీతోనే చేయాలనుకుంటే రెండు దశల్లో చేయండి. 0.1 మోలార్ ఎంఈఎస్ బఫర్, పీహెచ్ 5.5, అరశాతం పాలిమర్, ఈడీసీతోపాటు సల్ఫో-ఎన్‌హెచ్‌ఎస్ (ఉత్తేజిత కార్బాక్సిల్‌ను కాసేపు నిలిపి ఉంచేది), 15 నుంచి 30 నిమిషాలు. తర్వాత పీహెచ్ 7.2–7.5కి పెంచి పెప్టైడ్ కలపండి. ఎసిటేట్, ట్రిస్, గ్లైసిన్ బఫర్లు వద్దు. వాటిలోని కార్బాక్సిల్, అమైన్‌లే ముందు చర్యలోకి దిగుతాయి. శుద్ధిలో మొదటి రెండు మార్పులు 0.1 మోలార్ ఉప్పునీటితో, తర్వాత మామూలు నీటితో చేయండి. ఈడీసీ నుంచి వచ్చే యూరియాకు ధనావేశం ఉంటుంది, రుణావేశపు గొలుసును పట్టుకుని వదలదు. ఉప్పు దాన్ని విడిపిస్తుంది. ఆ తర్వాత కూడా 1.1, 2.9 పీపీఎంల దగ్గర శిఖరాలు మిగిలితే అది ఎన్-ఎసైల్ యూరియానే.

నా ఓటు ఈడీసీ చేసే పనే చేసే మరో రియాజెంట్ డీఎమ్‌టీ‌ఎమ్‌ఎమ్‌కే. పీహెచ్ మార్చనక్కర్లేదు, 6.5 దగ్గరే నడుస్తుంది. నీళ్లలో హయాల్యురోనేట్‌కి అమైన్‌లు అతికించడంలో ఈడీసీ కంటే మెరుగైన దిగుబడి ఇస్తుందని పక్కపక్కన పోల్చి చూసినవారు చూపించారు. అయితే మీ చేతిలో ఇప్పటికే మెథాక్రిలేట్ ఉన్న పాలిమర్ ఉంది కదా, ఈ తంటా అసలు అక్కర్లేదు. చివర సిస్టీన్ ఉన్న పెప్టైడ్ తెప్పించి, పీహెచ్ 8 ట్రైఇథనాలమైన్ బఫర్‌లో కొన్ని గంటలు కలిపి ఉంచితే సిస్టీన్‌లోని థయాల్ (గంధకం-హైడ్రోజన్ గుంపు) నేరుగా మెథాక్రిలేట్ మీద చేరుతుంది. 1 నుంచి 2 మిల్లీమోలార్ పెప్టైడ్ చాలు. కొద్ది మెథాక్రిలేట్లే ఖర్చవుతాయి, మిగిలినవి జెల్‌కి ఉంటాయి. ముందు ఎల్మన్ రియాజెంట్‌తో థయాల్ కొలవండి. 412 నానోమీటర్ల దగ్గర మోలార్ శోషణ గుణకం 14,150. పెప్టైడ్ డైసల్ఫైడ్‌గా మారి ఉంటే ఎంత పోసినా అతకదు.

ఇదే జాగ్రత్త పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) రియాజెంట్లకూ వర్తిస్తుంది. నాలుగు చేతుల 20 కిలోడాల్టన్ పెగ్-మాలిమైడ్ (చివరల్లో థయాల్‌తో కలిసే గుంపులున్నది) 1 గ్రాములో చివరలు 0.2 మిల్లీమోల్‌లు అని కాగితం మీద వస్తుంది. ప్రతిక్షేపణ 90 శాతమైతే ఉన్నవి 0.18. ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్ చివరలున్న పెగ్ అయితే నీటిలో ఇంకా తొందరగా పాడవుతుంది. పీహెచ్ 7, సున్నా డిగ్రీల దగ్గర సగం నాలుగైదు గంటల్లో పోతే, పీహెచ్ 8.6, 4 డిగ్రీల దగ్గర 10 నిమిషాల్లోనే పోతుంది. కాబట్టి ముందుగా కరిగించి పక్కన పెట్టకండి. మాలిమైడ్, థయాల్ కలిపినప్పుడు పిపెట్ చివరే ముద్ద కట్టేస్తుంటే పీహెచ్‌ను 6 దగ్గరికి దించండి.

కణాలతో పని చేసే ముందు

ఆటోక్లేవ్ చేయకండి, 121 డిగ్రీల్లో గొలుసులు తెగుతాయి. మెగాడాల్టన్ ద్రావణం 0.22 మైక్రాన్ ఫిల్టర్‌ను మూసేస్తుంది. 0.1 శాతానికి పలుచన చేసి వడకట్టి, శుభ్రమైన ట్యూబులో ఫ్రీజ్ డ్రై చేసి, మళ్లీ కావలసిన గాఢతకు కలపడమే సరైన దారి. ఇనుము, రాగి అయాన్లతో ఆస్కార్బిక్ యాసిడ్ కలిస్తే పుట్టే రాడికల్స్ కూడా గొలుసును తెంపుతాయి. స్టీల్ స్పాచులా కడగకుండా వాడకండి.

ఎండోటాక్సిన్ (కొన్ని బ్యాక్టీరియాల పైపొర నుంచి వచ్చే, వాపు తెప్పించే పదార్థం) విషయంలో అసలు రాజీ పడొద్దు. చిన్న ముక్కల హయాల్యురోనిక్ యాసిడ్ వాపు సంకేతాలు పుట్టిస్తుందా అన్న చర్చలో చాలా గందరగోళం ఇందువల్లే వచ్చింది. ముక్కలు చేయడానికి వాడిన ఎద్దు వృషణాల హయాల్యురోనిడేజ్‌లోనే ఎండోటాక్సిన్ ఉంటే, కణాలు స్పందించేది దానికి. ఎంజైమ్ ఒక్కటే ఉన్న కంట్రోల్, ఎండోటాక్సిన్‌ను పట్టేసే పాలీమిక్సిన్-బి కలిపిన కంట్రోల్ పెట్టకుండా ఏ నిర్ణయానికీ రాకండి. ఎండోటాక్సిన్ కొలిచే లాల్ (ఎల్‌ఏఎల్) పరీక్ష చేసేటప్పుడు ద్రావణాన్ని బాగా పలుచన చేసి, తెలిసిన మోతాదు ఎండోటాక్సిన్ కలిపిన నమూనాను కూడా నడపండి. చిక్కదనం వల్ల పరీక్ష తక్కువ చూపించవచ్చు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. రెండో బ్యాచ్ 50 మి.గ్రా. మిగిలినా చాలు. అందులో 10 మి.గ్రా.తో ఎన్‌ఎమ్‌ఆర్ తీయండి. ఆ సీసా, మొదటి సీసా పౌడర్లను పక్కపక్కన అగరోజ్ మీద నడపండి. ప్రతిక్షేపణ 10 శాతం లోపు వస్తే మిగిలిన రెండో బ్యాచ్‌ను పారేయకండి. మళ్లీ అరశాతానికి కరిగించి, పీహెచ్ 8–9 మధ్య కొత్త అన్‌హైడ్రైడ్‌తో ఇంకోసారి నడిపించవచ్చు. స్పెక్ట్రమ్‌లో 5.0 నుంచి 6.5 వరకు ఉన్న భాగాన్ని పెద్దది చేసి ఇక్కడ పెట్టండి, ఎంత క్షారం వాడారో కూడా రాయండి. ఆ రెండూ ఉంటే ఏ దశలో తప్పిందో చెప్పగలను.